సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఇంటర్వ్యూ: సమస్యలు సాధన చేస్తే సరిపోతుందా, ఇంకేమైనా చూసుకోవాలా?

తొలిసంధ్య

సభ్యులందరికీ నమస్కారం. నేను మూడేళ్లకు పైగా జావాలో సర్వర్ వైపు పనిచేస్తున్న డెవలపర్‌ను. ఉద్యోగం మారాలన్న ఉద్దేశంతో కొంతకాలంగా లీట్‌కోడ్ అనే సాధన వెబ్‌సైట్‌లో రోజూ కోడింగ్ సమస్యలు చేస్తున్నాను. ఒక్కడినే కూర్చున్నప్పుడు మధ్యస్థాయి సమస్యలు చాలావరకు తేలుతున్నాయి. ఇంటర్వ్యూలో మాత్రం అవతలి వ్యక్తి చూస్తుండగా, మధ్యలో "ఇప్పుడేం ఆలోచిస్తున్నారు?" అని అడగగానే ఆలోచన తెగిపోతోంది, మాట పెగలడం లేదు.

నా సందేహాలు రెండు. ఇలాంటప్పుడు సమస్యల సంఖ్య ఇంకా పెంచాలా, లేక సాధన చేసే తీరే మార్చుకోవాలా? రెండోది, నా స్థాయి అనుభవం ఉన్నవారిని డేటాబేస్, సిస్టమ్ డిజైన్ (ఒక పెద్ద సేవను ఎలా నిర్మించాలన్న ఆలోచన), చేసిన ప్రాజెక్టుల గురించి ఏ మేరకు లోతుగా అడుగుతారు? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

నిదానం

తొలిసంధ్య గారూ, సంఖ్య పెంచితే ఈ ఇబ్బంది తీరదని నా అభిప్రాయం. ఒంటరిగా సమస్యను తేల్చడం ఒక నేర్పు, ఇతరులు చూస్తుండగా ఆలోచనను బయటికి చెబుతూ తేల్చడం ఇంకో నేర్పు. మొదటిది ఎంత సాధన చేసినా రెండోది దానంతట అది రాదు.

దీనిపై నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2020లో వెలువడింది. 48 మంది విద్యార్థులను రెండు భాగాలుగా చేసి, కొందరిని పరిశీలకుడి ఎదుట వైట్‌బోర్డు మీద మాట్లాడుతూ సమస్యను సాధించమన్నారు, మిగిలినవారిని ఎవరూ లేని గదిలో సాధించమన్నారు. ఎదుట మనిషి ఉన్న బృందం పనితీరు సగానికి మించి పడిపోయింది. కాబట్టి మీకు జరుగుతున్నది చేతకానితనం కాదు, ఆ పరిస్థితే అలాంటిది. ఆ పరిస్థితికి ముందుగానే అలవాటు పడడమే మార్గం. వారానికి రెండు సార్లయినా ఎవరో ఒకరిని ఎదుట కూర్చోబెట్టుకుని మాక్ (నమూనా) ఇంటర్వ్యూ చేయండి. ఎవరూ దొరకకపోతే స్క్రీన్ రికార్డు చేస్తూ బిగ్గరగా మాట్లాడుతూ రాయండి, ఆ తర్వాత అది తప్పనిసరిగా వినండి. వినడానికి ఇబ్బందిగానే ఉంటుంది. అయినా ఎక్కడ మాట ఆగిందో, ఎక్కడ అసలు కారణం చెప్పకుండా నేరుగా కోడ్‌లోకి దూకామో అప్పుడే తెలుస్తుంది.

పరిశీలకుడు

నేను చాలాకాలంగా బల్లకు అవతలి వైపు కూర్చుని ఇంటర్వ్యూలు చేస్తున్నవాణ్ణి, కనుక ఆ వైపు నుంచి చెబుతాను. ఇంటర్వ్యూ ముగిశాక మేము ఒక నివేదిక రాయాలి. "జవాబు వచ్చింది" అన్న ఒక్క మాటతో ఆ నివేదిక నిండదు. అభ్యర్థి ప్రశ్నను ఎలా అర్థం చేసుకున్నారు, ఏ మార్గాలు పరిశీలించారు, ఒకదాన్ని ఎందుకు వదిలేశారు, తన కోడ్‌ను తానే పరీక్షించుకున్నారా అన్నవి రాయాలి. అభ్యర్థి పది నిమిషాలు మౌనంగా ఉండి హఠాత్తుగా సరైన కోడ్ రాసేస్తే, ఆ పది నిమిషాల గురించి రాయడానికి నా దగ్గర ఏమీ ఉండదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "ఒక రోజులోని సమావేశాల ప్రారంభ, ముగింపు వేళలు జాబితాగా ఇస్తాను. ఒకే మనిషి అన్నింటికీ హాజరు కాగలరో లేదో చెప్పే ఫంక్షన్ రాయండి." ఇది చాలామందికి తెలిసిన ప్రశ్నే. తెలుసన్న ధీమాతోనే చాలామంది వెంటనే సార్టింగ్ (వరుసలో పెట్టడం) మొదలుపెడతారు. నేను ఎదురుచూసేది అంతకు ముందు రావలసిన మాటలు. ఒక సమావేశం 10 గంటలకు ముగిసి, ఇంకొకటి సరిగ్గా 10 గంటలకే మొదలైతే అవి ఢీకొన్నట్టా, కానట్టా? జాబితా ముందే వరుసలో ఉందా? ఖాళీ జాబితా వస్తే ఏం చేయాలి? ముగింపు వేళ ప్రారంభం కంటే ముందున్న తప్పుడు డేటా వచ్చే అవకాశం ఉందా? ఇందులో మొదటి ప్రశ్న చాలా విలువైనది. కోడ్‌లో "కంటే తక్కువ" అని రాయాలా, "తక్కువ లేదా సమానం" అని రాయాలా అన్నది దాని జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ తర్వాత సూటిగా తోచే మార్గాన్నే ముందు చెప్పండి: ప్రతి సమావేశాన్నీ మిగతా వాటన్నిటితో పోల్చడం. సమావేశాలు లక్ష ఉంటే ఆ జతలు దాదాపు 500 కోట్లు అవుతాయని చెప్పి, అందుకే ప్రారంభ వేళ ప్రకారం వరుసలో పెట్టి పక్కపక్కవాటినే పోలుస్తానని అనండి. అప్పుడు సార్టింగ్‌కు అయ్యే పోలికలు దాదాపు 17 లక్షల స్థాయిలో ఉంటాయి. ఈ రెండు అంకెలు పక్కపక్కన చెప్పిన అభ్యర్థికి సమయ సంక్లిష్టత (డేటా పెరిగే కొద్దీ పని ఎంత పెరుగుతుందన్న లెక్క) అంటే ఏమిటో తెలుసని నాకు వేరే రుజువు అక్కర్లేదు.

"ఏం ఆలోచిస్తున్నారు?" అన్న ప్రశ్న గురించి ఒక మాట. అది నిలదీయడం కాదు, చాలాసార్లు సాయం చేయడానికే అడుగుతాము. "ఒక్క నిమిషం మౌనంగా ఆలోచించుకుని చెబుతాను" అనడం పూర్తిగా సమ్మతమే. అలా చెప్పి తీసుకునే మౌనానికీ, చెప్పకుండా తీసుకునే మౌనానికీ మా నివేదికలో చాలా తేడా ఉంటుంది.

వరుసక్రమం

పరిశీలకుడు గారి మాటలు సబబే గాని, కొత్తవారు దీన్ని "మాట్లాడితే చాలు" అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. 45 నిమిషాల రౌండ్‌లో పరిచయాలు, చివరి ప్రశ్నలు పోగా సమస్యకు మిగిలేది అరగంటకు కాస్త ఎక్కువ. స్లైడింగ్ విండో (జాబితాలో ఒక భాగాన్ని జరుపుకుంటూ పోయే పద్ధతి) అంటే ఏమిటో ముందుగా తెలియని వ్యక్తి ఎంత చక్కగా మాట్లాడినా ఆ సమయంలో దాన్ని కనిపెట్టడం కష్టం. కనుక పునాది ఉండితీరాలి. ఆ పునాది కొత్త సమస్యల లెక్కతో ఏర్పడదని మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

నేను సూచించేది ఇది, కోడింగ్ సమస్యల్లో వచ్చే ఈ రకాలను వరుసగా తీసుకోండి: టూ పాయింటర్స్, స్లైడింగ్ విండో, హ్యాష్‌మ్యాప్ (కీ ఇస్తే దాని విలువ ఇచ్చే పట్టిక), స్టాక్, హీప్, ట్రీ, గ్రాఫ్‌లలో లోతు వెతుకులాట, వెడల్పు వెతుకులాట, చివరగా డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న భాగాల జవాబులు దాచుకుని పెద్ద సమస్యను తేల్చడం). ఒక్కో రకానికి కొన్ని మంచి సమస్యలు ఎంచుకుని, వారం తర్వాత అవే సమస్యలను పాత కోడ్ చూడకుండా ఖాళీ పేజీ మీద మళ్లీ రాయండి. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే జ్ఞాపకం నుంచి బయటికి తీసే ప్రయత్నం చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రయోగపూర్వకంగా చూపించారు. పరిష్కారం చూసి "అర్థమైంది" అనుకుని తర్వాతి సమస్యకు వెళ్లేవారు సరిగ్గా ఇక్కడే నష్టపోతున్నారు.

చిన్నవాటిని చిన్నచూపు చూడకండి. బైనరీ సెర్చ్‌లో (వరుసలో ఉన్న జాబితాను ప్రతిసారీ సగం చేస్తూ వెతకడం) మధ్య స్థానం కోసం రెండు కొసలనూ కూడి రెండుతో భాగించే పాత పద్ధతిలో ఒక బగ్ ఉంది. ఆ కూడిక 2147483647 దాటితే 32 బిట్ల పూర్ణాంకం రుణసంఖ్యగా మారిపోతుంది. జావా ప్రామాణిక లైబ్రరీలోనే ఈ బగ్ ఏళ్ల తరబడి ఉండిపోయిన సంగతిని, ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ స్వయంగా 2006లో వెల్లడించారు. రెండు కొసల మధ్య తేడాను సగం చేసి కింది కొసకు కలిపితే ఆ చిక్కు రాదు. జావా అభ్యర్థి ఈ మాట చెప్పి, కారణం కూడా వివరిస్తే వినేవారికి నమ్మకం కలుగుతుంది.

పరిశీలకుడు

వరుసక్రమం గారితో ఏకీభవిస్తూనే ఒక సవరణ. జవాబు కంఠస్థం అయి ఉందని అనిపిస్తే మేము ప్రశ్నను కొంచెం మలుపు తిప్పుతాము. పై ఉదాహరణలోనే "సరే, ఇప్పుడు అన్ని సమావేశాలూ జరగాలంటే కనీసం ఎన్ని గదులు కావాలి?" అని అడుగుతాను. ముగింపు వేళలను మిన్ హీప్‌లో (అన్నిటికంటే చిన్నదాన్ని ముందు ఇచ్చే అమరిక) ఉంచుకుని, అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యే గదిని చూడాలన్న ఆలోచన, మొదటి పరిష్కారం ఎందుకు పనిచేసిందో తెలిసినవారికే తడుతుంది. కాబట్టి ఏ సమస్య తేలినా "ఇందులో ఒక షరతు మారిస్తే ఏమవుతుంది?" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

గోడమీది పిల్లి

ఇంత ప్రయాస ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఉద్యోగంలో చేరాక ఎవరూ బైనరీ ట్రీని తిరగేయమని అడగరు. గూగుల్‌లో మానవ వనరుల విభాగానికి అధిపతిగా ఉన్న లాజ్లో బాక్ 2013లో, తాము అడిగే పొడుపుకథల్లాంటి ప్రశ్నలు దేన్నీ అంచనా వేయలేవని, పూర్తిగా సమయం వృథా అని బహిరంగంగా చెప్పారు కదా.

నిదానం

ఆయన అన్నది "ఒక విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి" అన్న తరహా ప్రశ్నల గురించి, కోడింగ్ రౌండ్ గురించి కాదు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే కొలమానాలు ఉండే క్రమబద్ధమైన ఇంటర్వ్యూలు మెరుగ్గా పనిచేస్తాయని ఆయనే ఆ సందర్భంలో చెప్పారు. ఉద్యోగ ఎంపిక పద్ధతుల మీద 1998లో ష్మిట్, హంటర్ చేసిన విశ్లేషణ, 2022లో సాకెట్ బృందం చేసిన పునర్విశ్లేషణ కూడా క్రమబద్ధమైన ఇంటర్వ్యూకు మంచి స్థానమే ఇచ్చాయి. పద్ధతి పరిపూర్ణమని నేనూ అనను. కాని తొలిసంధ్య గారు అడిగింది ఉన్న పద్ధతిలో ఎలా నెగ్గాలని, కనుక అటే సాగుదాం.

పట్టిక

రెండో సందేహానికి వస్తాను, ఎందుకంటే మూడేళ్ల అనుభవం ఉన్న సర్వర్ డెవలపర్లు చాలామంది తడబడేది అక్కడే. అల్గారిథమ్ రౌండ్ దాటి, రోజూ తాము వాడే డేటాబేస్ దగ్గర ఆగిపోతారు.

ఇండెక్స్ (డేటాబేస్‌లో త్వరగా వెతకడానికి ఉంచే సూచిక) అంటే "క్వెరీ వేగం పెరగడానికి" అని చెప్పి ఊరుకోకండి. కస్టమర్ ఐడీ, తేదీ అనే రెండు కాలమ్‌ల మీద అదే వరుసలో ఒక ఇండెక్స్ ఉందనుకోండి. కస్టమర్ ఐడీతో వెతికినా, రెండింటితో వెతికినా అది చక్కగా ఉపయోగపడుతుంది. తేదీ ఒక్కదానితో వెతికితే సాధారణంగా ఉపయోగపడదు, ఎందుకంటే ఆ ఇండెక్స్ వాడే బి-ట్రీ అనే అమరికలో వివరాలు ముందు కస్టమర్ వారీగా, ఆ తర్వాతే తేదీ వారీగా అమరి ఉంటాయి. దీని వెంట వచ్చే ప్రశ్న "అయితే ప్రతి కాలమ్‌కూ ఇండెక్స్ పెడితే పోలేదా?" అన్నది. ప్రతి ఇన్సర్ట్, ప్రతి అప్‌డేట్ ఆ ఇండెక్స్‌లన్నిటినీ మార్చాల్సి వస్తుందని, నిల్వ స్థలం కూడా పెరుగుతుందని చెప్పాలి. హైబర్నేట్ (జావా నుంచి డేటాబేస్‌ను వాడే లైబ్రరీ) వాడుతున్నట్టు రెజ్యుమెలో ఉంటే ఎన్ ప్లస్ వన్ సమస్య తప్పక అడుగుతారు: 100 ఆర్డర్లు తేవడానికి ఒక క్వెరీ, ఒక్కో ఆర్డర్‌లోని వస్తువుల కోసం మరో 100, మొత్తం 101 క్వెరీలు. మీ ప్రాజెక్టులో క్వెరీల లాగ్ తెరిచి ఇది కళ్లారా చూసి, ఫెచ్ జాయిన్‌తో (రెండింటినీ ఒకే క్వెరీలో తేవడం) సరిచేసి, తేడా చూడండి. చదివి చెప్పే జవాబుకూ చూసి చెప్పే జవాబుకూ ఉన్న తేడా అడిగేవారు ఇట్టే పసిగడతారు.

జావా వైపు హ్యాష్‌మ్యాప్ లోపలి పనితీరు దాదాపు తప్పని ప్రశ్న. ప్రారంభ సామర్థ్యం 16, లోడ్ ఫ్యాక్టర్ (ఎంత నిండితే పెంచాలన్న హద్దు) 0.75, కాబట్టి ఎంట్రీలు 12 దాటగానే పట్టిక రెట్టింపవుతుంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి, ఒకే బకెట్‌లో (పట్టికలోని గడిలో) ఎంట్రీలు 8 దాటి, పట్టిక పరిమాణం కనీసం 64 ఉంటే ఆ గొలుసు రెడ్ బ్లాక్ ట్రీ అనే, త్వరగా వెతకగల అమరికగా మారుతుంది. ఈ అంకెలు మరిచిపోయినా ఫరవాలేదు. ఈక్వల్స్ (రెండు వస్తువులు సమానమా అని చూసే మెథడ్) మార్చి హ్యాష్‌కోడ్ (గడిని నిర్ణయించే సంఖ్య ఇచ్చే మెథడ్) మార్చకపోతే మ్యాప్‌లో పెట్టిన వస్తువు మళ్లీ ఎందుకు దొరకదో చెప్పలేకపోతే మాత్రం కష్టం.

లేఖిని

రెజ్యుమె గురించి ఎవరూ ఎత్తలేదు కనుక చెబుతున్నాను. రెజ్యుమెలోని ప్రతి వాక్యం ఒక ప్రశ్నకు ఆహ్వానం. "సర్వీస్ పనితీరును 40 శాతం మెరుగుపరిచాను" అని ఒకరు రాశారనుకోండి. నేను వరుసగా అడిగేవి ఇవి: 40 శాతం అన్నది సగటు ప్రతిస్పందన సమయమా, 95వ పర్సెంటైలా (వందలో 95 అభ్యర్థనలు ఎంతలోపు పూర్తయ్యాయన్నది)? ఏ సాధనంతో కొలిచారు? ఆలస్యం ఎక్కడుందో ఎలా కనిపెట్టారు? ఇతర మార్గాలు ఏవి పరిశీలించారు? మార్పు విడుదలయ్యాక ఏదైనా కొత్త ఇబ్బంది తలెత్తిందా? మూడో ప్రశ్నకే "అది మా టీమ్‌లో ఇంకొకరు చూశారు" అన్న జవాబు వస్తే, రెజ్యుమెలోని మిగతా వాక్యాల మీద కూడా నీడ పడుతుంది. మీరు నిలబడగలిగినదే రాయండి. చిన్న పనే కావచ్చు, దాని గురించి పావుగంట మాట్లాడగలిగితే అది పెద్ద పనికింద లెక్క.

ప్రవర్తనకు సంబంధించిన ప్రశ్నలకు సందర్భం, బాధ్యత, చర్య, ఫలితం అన్న నాలుగు భాగాల పద్ధతి అందరికీ తెలిసిందే, దాన్ని వివరించను. అందులో చాలామంది సందర్భం చెప్పడానికే మూడు నిమిషాలు వెచ్చించి, అసలు తాము చేసిన చర్యను ఒక్క వాక్యంలో ముగిస్తారు. పైగా వినయం కొద్దీ "మేము మార్చాం, మేము నిర్ణయించాం" అంటూ పోతారు. విన్నవారికి మీరేం చేశారో చివరికి తెలియనే తెలియదు. టీమ్‌కు దక్కవలసిన గుర్తింపు ఇస్తూనే "అందులో నా వంతు ఇది" అని స్పష్టంగా వేరుచేసి చెప్పడం గర్వం అనిపించుకోదు.

తొలిసంధ్య

ఇంత ఓపికగా రాసిన అందరికీ ధన్యవాదాలు. లేఖిని గారి ప్రశ్నలను నా రెజ్యుమె పక్కన పెట్టి చూసుకుంటే రెండు వాక్యాలు అప్పుడే తీసేయాలనిపించింది. సిస్టమ్ డిజైన్ గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? నా స్థాయికి అది అడుగుతారా?

చుక్కాని

చిన్న స్థాయిలో అడుగుతారు. మీరు భారీ వ్యవస్థను నిర్మించి ఉండాలని ఎవరూ ఆశించరు. అవసరాలను రాబట్టి, అంచనా వేసి, ఒక నిర్ణయానికి కారణం చెప్పగలరా అని చూస్తారు. పెద్ద పొడవు లింకును పొట్టి లింకుగా మార్చే సేవనే తీసుకుందాం.

పెట్టెలు, బాణాలు గీయడానికి ముందు లెక్క వేయండి. రోజుకు 10 లక్షల కొత్త లింకులు అనుకుంటే ఏడాదికి 36.5 కోట్లు. పెద్ద అక్షరాలు 26, చిన్న అక్షరాలు 26, అంకెలు 10, మొత్తం 62 గుర్తులతో పొట్టి లింకు చివర పెట్టే ఆరు స్థానాల కోడ్‌లు దాదాపు 5,680 కోట్లు ఏర్పడతాయి. అంటే ఈ వేగంతో 150 ఏళ్లకు పైగా సరిపోతాయి, ఏడో స్థానం ఇప్పుడే అవసరం లేదు. లింకులను తెరవడం (చదవడం) కొత్తవి చేయడానికి (రాయడానికి) వంద రెట్లు అనుకుంటే రోజుకు 10 కోట్లు, దాన్ని 86,400 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 1,157. రద్దీ వేళల్లో దీనికి కొన్ని రెట్లు ఉంటుందనుకున్నా, క్యాష్ (తరచూ అడిగేవాటిని దగ్గర దాచుకునే తాత్కాలిక నిల్వ) పెట్టుకున్న సాధారణ వ్యవస్థ మోయగలిగిన భారమే. ఇంత చిన్న లెక్క వేయకుండానే కాఫ్కా, కుబర్నెటీస్ లాంటి భారీ సాధనాలు, యాభై సర్వర్లు అంటూ మొదలుపెట్టేవారిని చూస్తే అడిగేవారికి ముందు విసుగు, తర్వాత అనుమానం కలుగుతాయి.

ఆ తర్వాత ఒకటి రెండు చోట్ల లోతుకు దిగండి. కోడ్‌లను వరుస సంఖ్య నుంచి తయారుచేస్తే ఒకదానితో ఒకటి ఢీకొనవు గాని, ఇతరుల లింకులను ఎవరైనా ఊహించగలరు. యాదృచ్ఛికంగా తయారుచేస్తే ఊహించడం కష్టం, ఢీకొనడాన్ని మాత్రం ప్రతిసారీ సరిచూసుకోవాలి. దారి మళ్లించేటప్పుడు 301 (శాశ్వత మళ్లింపు అని తెలిపే సంకేతం) పంపితే బ్రౌజర్ దాన్ని దాచుకుని మరోసారి మన సర్వర్‌కు రాకపోవచ్చు. భారం తగ్గుతుంది, కాని ఎన్నిసార్లు క్లిక్ చేశారన్న లెక్క తప్పుతుంది. లెక్క ముఖ్యమైతే 302 (తాత్కాలిక మళ్లింపు) మేలు. "ఏది సరైనది?" అని వారు అడిగితే "మీకు క్లిక్‌ల లెక్క అవసరమా?" అని తిరిగి అడగండి.

మూడోకన్ను

ఏఐ సహాయకుల విషయం కూడా చూసుకోవాలి. కొన్ని సంస్థలు ఇంటర్వ్యూలో వాటిని అనుమతిస్తున్నాయి, కొన్ని పూర్తిగా నిషేధిస్తున్నాయి. రిక్రూటర్‌ను ముందుగానే ఈమెయిల్‌లో అడిగి తెలుసుకోండి. అనుమతి లేనిచోట చాటుగా వాడితే కళ్ల కదలికే పట్టిస్తుంది, పట్టుబడితే ఆ సంస్థ తలుపులు మూసుకున్నట్టే. ఇంకొకటి, కోడ్‌ను దానంతటదే పూరించే సూచనలు ఆపేసిన ఎడిటర్‌లో కొన్నాళ్లు రాసి చూడండి. ఇంపోర్ట్‌లు, కంపరేటర్ (రెండింటిలో ఏది ముందో చెప్పే కోడ్) రాసే తీరు కూడా చేతికి రాక తడబడేవారిని చాలామందిని చూశాను.

తొలిసంధ్య

చివరిగా ఒక్క సందేహం. ఎంపిక కాకపోతే కారణం అడగవచ్చా? అడిగితే చెడ్డగా అనుకుంటారా?

పరిశీలకుడు

నిస్సంకోచంగా అడగవచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు. అయితే న్యాయపరమైన చిక్కులకు జంకి చాలా సంస్థలు వివరాలు ఇవ్వవు, రెండు లైన్ల మర్యాదపూర్వకమైన జవాబుతో సరిపెడతాయి. అందుచేత ఇంటర్వ్యూ ముగిసిన సాయంత్రమే అడిగిన ప్రశ్నలు, మీరిచ్చిన జవాబులు, ఎక్కడ సూచన ఇవ్వవలసి వచ్చిందో గుర్తున్నంతవరకు రాసిపెట్టుకోండి. రెండు రోజులు దాటితే అసలు ప్రశ్న గుర్తుంటుంది గాని దాని వెంట వచ్చిన ఉపప్రశ్నలు మరుగున పడతాయి, మీకు పనికొచ్చేవి అవే. అదే సంస్థకు మళ్లీ ఎంతకాలానికి దరఖాస్తు చేయవచ్చో కూడా రిక్రూటర్‌నే అడగండి. ఆ గడువు సంస్థను బట్టి, ఒక్కోసారి మీరు ఏ రౌండ్ దాకా వెళ్లారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది.